యనగిమాచి, దిగేవాళ్ళు దిగండి

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాయి. ట్రామ్ డ్రైవరుగా రిటైరైన కునిమిత్సు మర్నాడు పేట సంఘం హాల్లో తమ పాత ట్రామ్ లైను చరిత్ర చెప్పాలి. కమలాపండ్లు ఒలుస్తున్న భార్య హత్సుయెకి ముందుగా వినిపిస్తున్నాడు. ఒకప్పుడు ఆవిడా ఆ లైన్లోనే కండక్టరు.

"...అదీ మా నది లైను పుట్టుక. కోట గుమ్మం దగ్గర మొదలై, వంతెన దాటి, వేణ్ణీళ్ళ ఊటల దాకా. ఆ రోజుల్లో జనం చెప్పులు కింద విడిచి మరీ ఎక్కేవారట. దిగాక చూసుకుంటే చెప్పులేవీ? మొదటి స్టాపులోనే ఉండిపోయాయి!"

"చెప్పుల సంగతి నిరుడూ చెప్పారు. ఎవరూ నవ్వలేదు."

"ఈసారి నవ్వుతారు. నిరుడు హాల్లో హీటరు పనిచెయ్యలేదు. ఇంకా విను. యుద్ధంలో మగవాళ్ళు లేకపోతే ఆడపిల్లలే బండి నడిపారు. బాంబులు పడుతున్నా నడిపారు. ఆ లైనుకి అసలు ప్రమాదం యుద్ధమయ్యాక వచ్చింది."

"ఏమిటది?"

"నేను ఉద్యోగంలో చేరాను."

"ఇది బాగుంది. ఇది చెప్పండి."

"చెబుతాను. నా బండి ఎంత జోరుగా పోయేదంటే, తోఫు అమ్మేవాడు సైకిలు మీద నన్ను దాటిపోయి, సందులో నాలుగిళ్ళకి తోఫు అమ్మి, మళ్ళీ వచ్చి నన్ను దాటేవాడు. పైగా దాటుతూ నమస్కారం పెట్టేవాడు."

"ఏమండీ, కారేదీ? నిన్నట్నుంచి వాకిట్లో లేదు."

"మధ్యలో ఆపకు. ఎక్కడున్నాను?"

"తోఫు దగ్గర."

"ఆ. తర్వాత కండక్టర్లని తీసేశారు. టికెట్టు డబ్బులు డబ్బాలో వెయ్యండి, డ్రైవరొక్కడే చాలు అన్నారు."

"కండక్టర్లని అని ఊరికే అనకండి. మా ఆవిడని తీసేశారనండి."

"అంటాను. ఆవిణ్ణి తీసేసి, నష్టపరిహారం కింద పెళ్ళి చేశారంటాను."

"ఎవరి నష్టానికి?"

"అది ఇంకా తేలలేదు. ఇంకో తొన ఇటివ్వు. తర్వాత పట్టాల మీద కార్లు కూడా నడవచ్చన్నారు. అక్కడితో లైను పనైపోయింది. కాలి కింది గంట తొక్కీ తొక్కీ కాలు నొప్పెట్టేది. ముందు కారు కదిలితే కదా మనం కదిలేది! ముసలమ్మలు మధ్యలో దిగిపోయేవాళ్ళు. 'ఏమనుకోకు బాబూ, కాస్త తొందర పనుంది, నడిచి పోతాను' అని."

"కారంటే గుర్తొచ్చింది..."

"నీకేం గుర్తు రాలేదు. విను. లైను ఎత్తేస్తారని తెలిసి మేము ఉద్యమం చేశాం. తలకి గుడ్డ కట్టుకుని, 'ట్రామ్‌ని కాపాడండి' అని జెండా పట్టుకుని. ఆ సభకి నేను ఎందులో వెళ్ళాను?"

"మన కొత్త కార్లో."

"దాన్ని ఎక్కడ ఆపాను?"

"పట్టాల మీద."

"వెనక ట్రామ్ వచ్చి గంట కొడుతోంది. నేను మైకులో, 'ఈ గంట విన్నారా, ఇది మన ఊరి ప్రాణం' అంటున్నాను. అది, 'నీ కారు తియ్యరా' అని కొడుతోంది!"

"రేపు ఇదొక్కటీ చెప్పినా చాలు."

"చివరి రోజు చూడాలి! బండికి పూలదండలు, పిల్లలు, కెమెరాలు. ఏళ్ళ తరబడి ఎక్కనివాళ్ళంతా ఏడుస్తూ ఎక్కారు. చోటు చాలక నన్ను దిగమంటారేమో అనిపించింది. ఏడ్చేవాళ్ళలో సగం మంది వారానికొకసారి ఎక్కినా..."

"ఏమండీ. కారు."

"సర్వీసింగుకిచ్చాను."

"ఎక్కడ?"

"డిపోలో."

"ఏ డిపో?"

"డిపో అంటే... అదే..."

"డిపోని పడగొట్టి సూపర్‌మార్కెట్ కట్టి ఎన్నేళ్ళైంది?"

"సూపర్‌మార్కెట్లోనే. చేపలమ్మే వైపు గేటు దగ్గర. చక్కగా పెట్టాను, గీతల మధ్యలో."

"మీరెలా వచ్చారు?"

"నడిచొచ్చాను. డ్యూటీ దిగి నడిచే కదా... సరే, చెబుతాను. నవ్వకూడదు."

"నవ్వను."

"నిన్న పాత లైను రోడ్డు మీద వెళ్తున్నాను. యనగిమాచిలో మందుల షాపు ఉంది చూడు, దాని ముందు ఆపాను. నడిరోడ్డు మీద."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, స్టాపు కదా! వంగి అవతలి తలుపు తీశాను. 'యనగిమాచి, యనగిమాచి, దిగేవాళ్ళు అడుగు చూసుకుని దిగండి' అన్నాను. పైకే అన్నాను, హత్సుయె. వెనక ఒకటే హారన్లు. లారీవాడు, 'తాతా, పడుకున్నావా!' అని అరుస్తున్నాడు. అందరూ దిగారనుకుని తలుపేసి బయల్దేరాను. డిపోలో తాళం వేస్తుంటే, ఎదురుగా స్క్విడ్ మీద తగ్గింపు ధర బోర్డు కనబడింది. అప్పుడు తెలివొచ్చింది."

"భయం వేసిందా?"

"ముందు నవ్వొచ్చింది. ట్రామ్‌ని కారు చంపిందని ముప్పయ్యేళ్ళుగా తిట్టి తిట్టి, చివరికి కారునే ట్రామ్ చేశాను చూడు, అని. తర్వాత మళ్ళీ కారెక్కబుద్ధి కాలేదు. అక్కడే బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను."

"రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి పోయి లైసెన్సు ఇచ్చేద్దాం. నేనూ వస్తాను."

"ఇచ్చేస్తే నిన్ను మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? బస్సా? అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలీదు. అదే ట్రామ్ ఉండుంటే..."

"ఉంటే మీరు ఎక్కేవారా?"

"ఇంకో తొన ఇటివ్వు."

"నిజం చెప్పండి."

"ఎక్కేవాణ్ణి కాదు."

"అయితే ఇచ్చేద్దాం."

"ఒక్కసారికేనా? మతిమరుపు ఎవరికి లేదు? వదిలెయ్యి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరికీ నష్టం లేదు. కార్లో నేనొక్కణ్ణే ఉన్నాను, ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఒక్కరే కాదండీ. మీరు తలుపు తీసి దిగమంటే, ఆ నడిరోడ్డు మీద దిగింది నేనే."