మూతల మేస్త్రిగారి రక్తపరీక్ష

1989 జూలై మూడవ తేదీన మన రంగుల కర్మాగారంలో, ద్రావకాలు కలిపే గదిలో సహాయకుడిగా ఉద్యోగజీవితాన్ని ప్రారంభించి, కార్యదీక్షతో ఆ గదికే మేస్త్రిగా ఎదిగిన మన ‘మూతల మేస్త్రి’గారు ఈ శనివారం పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ రోజుల్లో షిఫ్టు ముగియగానే అందరూ చేతులకంటిన రంగును బెంజీన్‌తోనే కడుక్కునేవారు. సబ్బుకు లొంగని మరక దానికి ఇట్టే లొంగేది. పైగా తియ్యని వాసన! మేస్త్రిగారూ, పక్కనే పనిచేసే ఆయన తోడల్లుడూ ఒకే బకెట్లో చేతులు ముంచి, పరాచికాలాడుకుంటూ ఇంటిదారి పట్టేవారు. కొన్నేళ్ళకు ఆ తోడల్లుడు రక్తక్యాన్సర్‌తో కన్నుమూశారు. బెంజీనే కారణమై ఉంటుందని వైద్యులు చెప్పిన నాటి నుంచి మేస్త్రిగారికి కంటి మీద కునుకు లేదు.

ఆయన పట్టుబట్టి ఆ బకెట్ తీయించారు, గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించారు, ఉద్యోగులందరికీ ఏటా రక్తపరీక్ష సాధించారు. తెరిచిన డ్రమ్ము కనిపిస్తే చాలు, “మూతరా బాబూ, మూత!” అంటూ అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. ఇంట్లోనూ అదే వరస. కాగుతున్న పాలగిన్నె మీద మూత బిగించినప్పుడు, “ఇదేమైనా మీ ఫ్యాక్టరీనా? పొయ్యంతా పాలే, చూడండి!” అని శ్రీమతిగారు పెట్టిన చీవాట్లు మాకందరికీ కంఠతా వచ్చు.

అయితే ఈసారి పరీక్షలో ఆయనకు తెల్ల రక్తకణాలు తగ్గాయి. మళ్ళీ పరీక్షించారు, ఫలితం ఇంకా రాలేదు. అక్కయ్య కాపురం ఏమైందో కళ్ళారా చూసిన శ్రీమతిగారికి ముద్ద దిగడం లేదు.

“ఈ జబ్బు పని మానేసిన ఏళ్ళ తర్వాత కూడా వస్తుందటగా. ఇక మీ రక్తం ఎవరు చూస్తారండీ?” అన్నారామె, వీడ్కోలు సభ గురించి మాట్లాడడానికి వెళ్ళిన మా ముందే.

ఎవరికీ జంకని మేస్త్రిగారు తలవంచుకున్నారు. “ఆనాడు పోట్లాడింది పనిలో ఉన్నవాళ్ళ కోసమే. వెళ్ళిపోయేవాళ్ళ సంగతి నాకు తట్టనే లేదే!”

మాకూ తట్టలేదు. మరునాడు అందరం మేనేజరుగారి గది ముందు నిలబడ్డాం. ద్రావకాల గదిలో పనిచేసి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ జీవితాంతం పరీక్ష చేయిస్తామని సాయంత్రానికి ఆయన మాటిచ్చారు. మేస్త్రిగారికి మేము సమర్పిస్తున్న కానుక ఇదే.

ఆ ఫలితం చల్లని కబురుగా రావాలని గుండెలు చిక్కబట్టుకుని ఎదురుచూస్తున్నాం. మేస్త్రిగారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలనీ, ఏటా ఈ గేటులోంచే వచ్చి, చొక్కా చేయి పైకి మడిచి రక్తమిచ్చి, పోతూ పోతూ తమ గదిలోకి తొంగిచూడాలనీ మనసారా కోరుకుంటున్నాం. తిట్టడానికి మాత్రం ఆయనకేమీ దొరకదు. మూతలన్నీ బిగించే ఉంటాయి.