నలభై ఆరేండ్ల ముసలవ్వ

లాక్‌డౌన్ నాటి ఎల్లారెడ్డి పట్టణం. పొద్దున మొదటి గంట ముసలివాళ్లకు, గర్భిణులకు, డ్యూటీలో ఉన్న దవాఖాన, మున్సిపాలిటీ వాళ్లకు మాత్రమే అని సూపర్ మార్కెట్ గోడకు బోర్డు తగిలించారు. ఆ బోర్డు పెట్టించిన సేటు హాయిగా ఇంట్లో ఉన్నాడు. గేటు ముందు స్టూలేసుకుని, శానిటైజర్ సీసా పట్టుకుని, ఆయన తినాల్సిన తిట్లన్నీ వాచ్‌మన్ మహేందర్ తింటున్నాడు.

“నన్ను జూసి చెప్పు కొడుకా. నేను ముసల్దాన్ని కానా?”

“నిన్ను జూస్తె ముసల్దానివే అవ్వా. కార్డు జూస్తె కాదు.”

“కార్డుకు మోకాళ్లు నొస్తయా?”

“నీ పేరు కమలవ్వేనా?”

“కమలవ్వనే.”

“ఈ ఫోటో నీదేనా?”

“నాదే. గప్పుడు నోట్లె పండ్లుండె.”

“మరి పుట్టిన తారీఖు జూడు. ఈ లెక్కన నీకు నలభై ఆరు.”

“గట్ల రాసిండ్రు.”

“ఎవలు రాసిండ్రు?”

“నేనే రాయమన్న.”

“నువ్వే? ఎందుకు?”

“సర్కారు కరువు పనికి ముసలోళ్లను తీస్కోరంటిరి. జర తగ్గించి రాయి నాయినా అన్న. ఆ కార్డు రాసే పోరడు మస్తు మంచోడు. జర కాదు, బాగనే తగ్గించిండు.”

“జూసినవా మరి! పని కాడ పడుచుదానివి, దుకాన్ల కాడ ముసల్దానివి. గట్లెట్ల నడుస్తది?”

“కరోనా అస్తదని గప్పుడు నాకేం ఎరుక?”

“అరవై దాటాలె అవ్వా. ఎనిమిది గంటలకు రా. అందరికి తెరుస్త.”

“అందరికి తెరిసినంక నాకేం మిగుల్తది? ఊదువత్తులు మిగుల్తయ్. మొన్న గవ్వే మిగిలినయ్.”

“నన్నేం జెయ్యమంటవ్? జర దూరం జరుగు. ఆ సున్నం గీసిన గుండ్రంల నిలవడు.”

“నిలవడ్డ. నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయ్.”

“అయ్యో. ఇగో, ఈ స్టూలు మీద కూసో.”

“నువ్వెందుకు లేసినవ్?”

“పెద్దమనిషివి. నువ్వు నిలవడితె నేను కూసుంటె బాగుంటదా?”

“స్టూలుకైతె ముసల్దాన్ని, పాలపొడికి కాదా?”

“అవ్వా...”

“చెప్పు కొడుకా. నోరు జారినవ్ గద, చెప్పు.”

“నాతోని గట్ల మాట్లాడకు. పొద్దుగాల లేసి ఇంకా చాయ్ గూడ తాగలే. మొన్న ఒకామె కడుపుతోనున్న అని వచ్చింది. చీర కింద దిండు. గేటు దాటంగనే జారి కిందవడ్డది. తిట్లు మాత్రం నాకు వడ్డయ్.”

“మంచి ఉపాయం జెప్పినవ్. నాకు గూడ కడుపే.”

“నీకా!”

“నలభై ఆరే గద. కార్డు లెక్కన నాకింకా పిల్లలు పుట్టొచ్చు.”

“దండం పెడుత అవ్వా, ఆ మాట ఇంకెవలతోని అనకు.”

“నవ్వుతున్నవా?”

“నవ్వుతలేను.”

“మాస్కు ఊగుతున్నది.”

“సరే, నవ్విన. ఇగ పో అవ్వా.”

“పోను. ముసలోళ్ల కిందికి రాకపోతె డ్యూటీ వాళ్ల కింద పంపు.”

“నీకేం డ్యూటీ?”

“నాకు గాదు. నా మన్వరాలు సుష్మిత. కామారెడ్డి దవాఖాన్ల నర్సు. ఆ కరోనా వార్డులనే ఏసిండ్రు. ఇగో, ఫోన్ల దాని కార్డు ఫోటో ఉన్నది. నాకు తియ్యరాదు, నువ్వే తియ్యి.”

“తీసిన. కార్డు మంచిగనే ఉన్నది. కని సిస్టర్ రావాలె.”

“ఎట్లొస్తది? డ్యూటీల ఉన్నది.”

“డ్యూటీ వాళ్లకే గదవ్వా ఈ గంట.”

“అవు. మరి డ్యూటీ జేసేటోళ్లు డ్యూటీ ఇడిసిపెట్టి నీ గేటు కాడికి ఎట్లొస్తరు?”

“గదీ... గది నాకు దెల్వది. సేటును అడగాలె.”

“అడుగు.”

“అడిగితె తిడుతడు.”

“తిట్టనియ్. తిట్లు నీకు, డబ్బ నాకు.”

“ఏం డబ్బ గది? గింత పంచాయితి వెడుతున్నవ్.”

“పిల్ల తాగే పాలపొడి డబ్బ. సుష్మితకు చంటిపిల్ల ఉన్నది కొడుకా. మొగడు దుబాయ్‌ల ఇరుక్కున్నడు, ఇమానాలు లేవు. దీన్నేమొ ఇంటికి పోవద్దు, పిల్లకు అంటుతదని ఆడ్నే హాస్టల్ల వెట్టిండ్రు. పాలు మాన్పించి పోయింది. రాత్రంత పిల్ల ఏడ్సింది. ఫోన్ల జూసుకుంట తల్లి ఏడ్సింది. నడుమ నేను ఏడ్వకుంట కూసున్న. నాకు దుఃఖం గాదు, కోపమస్తున్నది. అందరి పాణాలు గాసేదాని బిడ్డకు పాలు దొరకవా?”

“మెడికల్ దుకాన్ల అడిగినవా?”

“లేదన్నడు. కామారెడ్డి నుంచి మీకే బండి వస్తదట గద. పొద్దుగాల వచ్చింది. కండ్లార జూసిన.”

“వచ్చింది. కని పిల్లల డబ్బలు ఎక్కువ రాలే.”

“అందుకె ఇప్పుడు పోవాలె. ఎనిమిదైతె బైకుల మీద పోరగాండ్లు దిగుతరు. ఇంట్ల పిల్లలు లేకున్నా చాయ్‌ల కలుపుకుంటమని ఎత్తుకపోతరు.”

“ఇంట్ల ఇంకెవలు లేరా?”

“ఉన్నడు ఒక్క మొగాయన. నిన్న పంపిన. పిల్లకు పాలపొడి తెమ్మంటె ఏం దెచ్చిండో ఎరుకేనా? షుగరున్న ముసలోళ్లు తాగే పొడి! డబ్బ మీద ముసలాయన పండ్లికిలిస్తున్నడు. గది పిల్లకు తాగియ్యుమన్నడు.”

“హహ్హ... తప్పయిందవ్వా, నవ్వాగలే.”

“నువ్వు నవ్వు. నేను మాత్రం ఇగ ఏ మొగోన్ని నమ్మ. నేనే పోవాలె, బొమ్మ జూసుకోవాలె, చేతుల వట్టుకోని తేవాలె.”

“అవ్వా, ఒక్క మాట ఇను. నాది పిట్లం. ఈ ఊర్ల నాకెవలు లేరు. ఈ నౌకరి పోతె తిరిగి పోదామన్నా బస్సుల్లేవు. పైన జూడు, కెమెర. సేటు ఇంట్ల కూసోని ఫోన్ల జూస్తుంటడు. మొన్న ఒకాయన్ను కార్డు జూడకుంట ఇడిసిన. ఇంకోపారి ఇడిస్తె నువ్వు ఇంటికి పో అన్నడు.”

“కెమెరల నేను పడుచుదానోలె కనవడుతున్ననా?”

“లేదు. కని కార్డు జూసినవా అని అడుగుతడు. అబద్ధం నాకు రాదు.”

“నేర్చుకో. పనికస్తది.”

అప్పుడే ఒక బైకు రయ్యిన వచ్చి ఆగింది. ముఖానికి తువ్వాల చుట్టుకున్న ఒక గట్టి మనిషి దాని మీది నుంచి దుమికి, నిగనిగలాడే నల్లజుట్టు సర్దుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, నన్ను లోపటికి ఇడువు. నేను ముసలోన్ని.”

“నువ్వా?”

“నేనే. ఇగో కార్డు. భూమయ్య. అరవై ఆరు.”

“తాతా, వెంట్రుకలు నల్లగున్నయ్?”

“రంగు.”

“బైకు మీద ఉరికొచ్చినవ్?”

“బైకు ఉరికింది. నేను కూసున్న.”

“అరవై ఆరుకు గింత గట్టిగున్నవ్?”

“జొన్నరొట్టె తింట. కార్డుల తప్పేమన్న ఉన్నదా?”

“కార్డుల లేదు. పింఛన్ గూడ వస్తదా?”

“వస్తది... పింఛన్ ముచ్చట నీకెందుకు తమ్మీ? నిన్నగూడ వచ్చిన. ఎవలు ఏం అడగలే.”

“నిన్న నేను లేను, ఇంకో వాచ్‌మన్ తిరుపతి ఉండె. సరే, చేతులు చాపు. పో.”

“ఆగు కొడుకా. ఈయన పోవచ్చా?”

“పోవచ్చు కమలవ్వా. అరవై ఆరు.”

“గాయనకు అరవై ఆరు, నాకు నలభై ఆరు?”

“కార్డు లెక్క గట్లనే ఉన్నది. ఈ తాత నీకంటె ఇరవై ఏండ్లు పెద్ద.”

“అట్లనా! ఎరుక లేకపాయె. దండం బాపూ. నీ కాళ్లు మొక్కుత, వంగనియ్.”

“అవ్వా! వద్దు వద్దు, నాకు పాపం తగుల్తది!”

“ఏంది తాతా? నీకంటె చిన్నదాన్ని అవ్వా అంటున్నవ్?”

“మా... మా దిక్కు ఆడోళ్లందర్ని గట్లనే అంటం తమ్మీ. మర్యాద.”

“ఏ దిక్కు?”

“జుక్కల్ దిక్కు. ఆడ మూడు భాషలు కలిసిపోతయ్. ఎవల్ని ఏమన్నా నడుస్తది.”

“కొడుకా, నాకు సదువు రాదు. ఆ బోర్డు కింద చిన్నగ ఇంకేమో రాసుంది. ఏంది గది?”

“గదా? నడ్వరాని ముసలోళ్ల ఎంబడి తోడుకు ఒక్కలు పోవచ్చని.”

“ఆ తోడు మనిషి గూడ అరవై దాటాల్నా?”

“తోడుకు ముసలోళ్లెందుకవ్వా? సామాను మోసేటందుకు పడుచోళ్లే ఉండాలె.”

“నలభై ఆరు నడుస్తదా?”

“నలభై ఆరంటె... నువ్వా?”

“కార్డు నువ్వే సదివినవ్.”

“అవ్వా, కని ఈయన మంచిగనే నడుస్తుండు గద!”

“ఏం బాపూ? మంచిగ నడుస్తున్నవా?”

“నేనా? నాకేమయింది, సక్కగ...”

“బాపూ!”

“...సక్కగ నడ్వరాదు తమ్మీ. మోకాలు.”

“ఇప్పుడే బండి మీదికెల్లి దుమికినవ్!”

“దుమికినంకనే నొప్పి షురువైంది.”

“ఏదీ, నాలుగడుగులెయ్యి.”

“ఇగో... అబ్బా... హమ్మా...”

“తాతా, కుడికాలు కుంటుకుంట పోయినవ్. ఎడమకాలు కుంటుకుంట వస్తున్నవ్.”

“రెండు నొస్తయ్ తమ్మీ. వంతులేసుకోని.”

“మీరిద్దరు ఒకల్నొకలు ఎరుకనా?”

“ఎవలు, ఈయన్నా? ఈయన మొకం నేనెన్నడు జూడలే. ఇప్పుడు గూడ జూస్తలేను, తువ్వాల కట్టుకున్నడు.”

“నువ్వు చెప్పు తాతా.”

“నాకు ఈ అవ్వ... ఈ చెల్లె... దెల్వది తమ్మీ. తోడు లేకపోతె మాత్రం నేను నడ్వలేను.”

“ఇన్నవా? పరాయి మనిషి గోస జూడలేక తోడు వోత అంటున్న. పుణ్యం కాడ అడ్డం వస్తవా కొడుకా?”

“నాకు నవ్వొస్తున్నది అవ్వా. బుగులు గూడ అయితున్నది.”

“రెండు మాస్కు ఎనుక దాసుకో. పిల్ల ఆకలికి ఏడుస్తుంటది. పోవాల్నా, వద్దా?”

“...పోండ్రి. ఆయన్ను వట్టుకోని నడువు, కెమెరకు కనవడేటట్టు.”

“దూరముండాలె అంటిరి గద?”

“తువ్వాల కొస వట్టుకో.”

“పట్టిన. నడువు బాపూ.”

“మెడకు బిగుస్తున్నది, జర మెల్లగ గుంజు అవ్వా!”

“చెల్లె అను.”

“మెల్లగ గుంజు చెల్లె.”

ఇద్దరూ లోపలికి వెళ్లారు. మహేందర్ స్టూలు మీద కూలబడ్డాడో లేదో ఫోను మోగింది. సేటు కృష్ణమోహన్.

“హలో సేటూ... ఇప్పుడే ఇడిసిన సేటూ. ముసలాయన, అరవై ఆరు, కార్డు జూసిన... ఆమెనా? ఆమె తోడు మనిషి... కాదు సేటూ, ముసల్ది కాదు, నలభై ఆరే... గదే సేటూ, ఎండల పని జేసిందట, మనిషి గట్ల కనవడుతది... ఆ? ఆమె నిలవడిపోయింది, ఆయన బిస్కెట్ల కాడికి ఉరుకుతుండా?... నొప్పి వంతులేసుకోని వస్తదట సేటూ. ఇప్పుడు రాని వంతేమొ... లేదు సేటూ, తాగలే. చాయ్ గూడ తాగలే... మంచిది సేటూ.”

“ఎవలు కొడుకా ఫోన్ల?”

“సేటు. నన్ను చంపినవ్ గదవ్వా! డబ్బ దొరికిందా?”

“దొరికింది! ఇగో జూడు, పిల్ల బొమ్మ. నీ కడుపు సల్లగుండ కొడుకా, ఇయ్యాల దాని తల్లి గూడ ఇంత తింటది.”

“మంచిగైంది. నాకు గూడ పాణం నిమ్మలమైంది. అవునవ్వా, నెత్తి మీద ఆ మూటేంది?”

“గిదా? ఈ బాపు సామాను. బియ్యం, నూనె, సబ్బులు. తోడు మనిషే మోయాలెనట.”

“తాతా, జర నువ్వు వట్టుకోరాదు?”

“నేనెట్ల వట్టుకుంట తమ్మీ? అరవై ఆరు. పైన కెమెర జూస్తున్నది. చెల్లె పడుచుది, మోస్తది.”

“మరి నీ చేతులనేముంది?”

“బిస్కెట్ పుడ. తిననీకె తీసుకున్న. చెల్లె, ఇది గూడ మూట మీద పెట్టుకో, నాకు బండి తాళం తియ్యాలె.”

“ఇది గూడనా బాపూ?”

“పైలంగ నడువు. నూనె ప్యాకెట్ పలిగేను.”

“పోనియ్ అవ్వా, కోపం జెయ్యకు. ఎవల కొడుకో ఏమొ గని, ముక్కు మొకం ఎరుకలేని మనిషివి నిన్ను లోపటికి తీస్కపోయిండు. ఈ కాలంల గిసొంటి పుణ్యాత్ములు దొరుకుతరా?”

“పుణ్యాత్ముడా! ఓరి భూమిగా, దించురా ఈ మూట! నిన్ను తొమ్మిది నెలలు మోసిన, ఇప్పుడు నీ బిస్కెట్లు గూడ నేనే మోయాల్నా?”