డ్రమ్స్ వాయించినవారి పేరు

రేపటి పాటల పోటీ సంగతి చెప్పాలని అమ్మ కుట్టుమిషన్ చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి నోరు విప్పింది అమ్మాయి.

"మన పాత క్యాసెట్‌లో ఆ గాయని పాడిన రాక్ పాట పాడతానమ్మా."

"పిచ్చిపిల్లా! ఆవిడ జోలపాటలూ ప్రేమపాటలూ అందరి నోళ్లలో నానుతున్నాయి. ఇదెవరికీ గుర్తే లేదు. బహుమతి వద్దా?"

"కావాలి. కానీ ఇందులో డ్రమ్స్ వాయించింది నువ్వు."

"క్యాసెట్ అట్ట మీద నా పేరే వెయ్యలేదుగా!"

"అందుకే పోటీ కాగితంలో గాయని పేరు కింద నీ పేరు రాశాను. వేదిక మీద పైకి చదవమని బళ్లో మాస్టారిని అడిగాను."

"మాస్టారు ఒప్పుకున్నారా?"

"మొదట కాదన్నారు. చదివితేనే వేదిక ఎక్కుతానన్నాను."

"నువ్వా? ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున దాక్కునేదానివి!"

"రెండుసార్లు చెప్పాను. రెండోసారికి ఒప్పుకున్నారు."

అమ్మ మిషన్ ఆపి, బల్ల మీద వేళ్లు ఆనించింది.

"చివరి చరణంలో నా వేగానికి ఆవిడే ఆయాసపడింది. నువ్వెంతసేపు నిలుస్తావో చూస్తాను. ఊఁ, అందుకో!"