సభను చేపల షెడ్డుకు నడిపించిన కార్యదర్శి

1991 ఆగస్టు 14న తాడేపల్లిగూడెం మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన శ్రీమతి రత్నమాణిక్యం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇలాంటి సందర్భాల్లో శాంతమూర్తి, మృదుభాషిణి అని రాయడం ఆనవాయితీ. ఆమె అలాంటివారు కారు. అయివుంటే తుమ్మిలంక నేటికీ మురికినీళ్లే తాగుతుండేది.

2004లో పంచాయతీ కార్యదర్శిగా పదోన్నతి పొందిన ఆమె, 2012లో కొల్లేటి అంచునున్న ఆ ఊరికి బదిలీ అయ్యారు. చేపల చెరువుల యజమాని తాతాజీ గారు తన చెరువుల కంపునీటిని ఊరి మంచినీళ్ల చెరువులోకి వదిలేస్తున్న రోజులవి. పిల్లలకు వాంతులు, పెద్దలకు దురదలు. చర్య తీసుకోవాలంటే గ్రామసభ తీర్మానం కావాలన్నారు పై అధికారులు.

సోమవారం పదకొండు గంటలకు ఆమె సభ పెట్టారు. వచ్చినవారు ఆరుగురు. ఆ వేళ మగవాళ్లు తాతాజీ గారి చెరువులో వల లాగుతారని, ఆడవాళ్లు షెడ్డులో చేపలను ఐసులో పేరుస్తారని తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఆమెకు తెలియదు.

అటెండరు సూర్రావు తేలిగ్గా నవ్వేశాడు. "కంగారు పడకండి మేడమ్. సాయంత్రం తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పేస్తానండీ. వేలిముద్రలు పడిపోతాయండీ."

"నీళ్ల సంగతి ఎవరు మాట్లాడతారు సూర్రావ్, వేలిముద్రలా?"

"తాతాజీ గారి ఎదురుగా ఎవరు మాట్లాడతారండీ? పనిచ్చేది ఆయన కదండీ!"

ఆ మాట ఆమెను వదల్లేదు. పనిచ్చేవాడిది బలమే; మరి పని చేసేవాళ్లు లేకుండా ఆయన చేప లారీ ఎలా ఎక్కుతుంది? ఊరి అధికారంలో సగం ఆ తడి చేతుల్లోనే ఉందని, ఆ సంగతి ఆ చేతులకే తెలియదని ఆమె గ్రహించారు. రిజిస్టరులో "హాజరు ఆరుగురు, సభ వాయిదా" అని ఉన్నదున్నట్టు రాశారు. సభ ఎందుకు జరగలేదంటూ పైనుంచి మెమో వచ్చింది. బదులు రాసి పడేసి, ఊరంతా దండోరా వేయించి, మరుసటి వారం చేపలు పట్టే పని ముగిసే వేళకు సభను చేపల షెడ్డులోనే పెట్టారు.

నూట ఎనభై మంది హాజరు. తాతాజీ గారూ వచ్చి కూర్చున్నారు. నీళ్ల సంగతి ఎత్తగానే అందరూ ఆయన వైపే చూశారు. అప్పుడు లేచింది, చేపలు పేర్చే ఆడవాళ్ల మేస్త్రి వెంకాయమ్మ.

"ఏవండీ తాతాజీ గారూ, ఐసు భీమవరం నుంచి తెప్పిస్తారెందుకండీ?"

"ఇక్కడి నీళ్లతో చేస్తే చేప వాసనొచ్చేస్తది కదమ్మా."

"చచ్చిన చేపకే పనికిరాని నీళ్లు బతికున్న మా పిల్లలకెలా పనికొస్తాయండీ?"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వులో భయం కొట్టుకుపోయింది. తీర్మానం చదవగానే చేతులన్నీ లేచాయి. "సర్లెండి, గొట్టం మురుగుకాలవలోకి తిప్పిస్తాను" అన్నారు తాతాజీ గారు, కండువాతో మొహం తుడుచుకుంటూ. తొమ్మిదో రోజుకల్లా తిప్పించారు కూడా.

"ఇన్నాళ్లూ మేమెందుకు అడగలేదండీ?" అంది వెంకాయమ్మ.

"మీరు రాలేని వేళ సభ పెట్టింది మేమే కదమ్మా!" అన్నారు రత్నమాణిక్యం గారు.

తదుపరి ఏ ఊరు వెళ్లినా, ఏలూరులో విస్తరణాధికారిగా ఎన్ని సభలు పర్యవేక్షించినా, జనం ఖాళీగా ఉండే వేళ ఏదో కనుక్కున్నాకే ఆమె తేదీ వేసేవారు.

ఇకపై తాను స్థిరపడబోయే వట్లూరులో ఆమె ఒక సామాన్య పౌరురాలు. ముప్పై అయిదేళ్లు బల్లకు ఆవలివైపు నుంచి మాట్లాడిన ఆ గొంతు ఇక జనం వరుసలోంచి ప్రశ్నిస్తుంది. అక్కడి కార్యదర్శికి మా ముందస్తు సానుభూతి! ఆమెకు మాత్రం నిండు నూరేళ్ల ఆయుష్షు, ఏ సభలోనైనా చివరిదాకా నిలబడగలిగే ఆరోగ్యం కలగాలని మనసారా కోరుకుంటున్నాం.