కదిరప్ప కండ్లద్దాలు

నోరు ముయ్యిరా చౌడప్పా! దుడ్డున్నోడు గెలిస్తే అది గెలుపే కాదని ఎవరు చెప్పినార్రా నీకు? నేనేనా? చెప్పింటాలే. ఆ మాట చెప్పి చెప్పే ఈ కదిరప్ప ఇట్లా అయినాడు. కాళ్లు ఊపేది మాని సరిగ్గా కూచోని విను.

మన పక్కూరు గుట్టకిందపల్లిలో తిప్పారెడ్డి అని, శనక్కాయల నూనె మిల్లు ఆయన. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందంట. ఊరి పిల్లోళ్లందరికీ బూట్లు కొనిచ్చినాడంట, పొద్దున్నే పాలు, గుడ్లు పెట్టించినాడంట, అదీ చాలదని టౌన్ నుంచి మస్తాన్ అనే ఆటగాణ్ణి జీతమిచ్చి తెచ్చినాడంట. మన జట్టేమో ఉత్త కాళ్లు, సంగటి ముద్ద. నేనా, బీడీ ముట్టను, టీ తాగను, అబద్ధం ఆడను. ఈ మూడూ రోజుకు మూడుసార్లు చెప్పకపోతే నాకు అన్నం అరగదు. "కొనుక్కున్న కాళ్లతో గెలిచేది ఒక గెలుపా?" అని కనబడినోడికల్లా చెప్తా తిరిగినా. మస్తాన్ పొద్దు పొడవకముందే చెరువుకట్ట మీద పరుగెత్తేది నేనూ చూసినా. అది మాత్రం ఎవురికీ చెప్పల్య.

ఇంక ఏమైందంటే, మన ఊరికీ గుట్టకిందపల్లికీ కప్పు పోటీ పడింది. ఆ కాలంలో గోలుకు వల యాడిది? రెండు నీలగిరి కట్టెలు పాతితే అదే గోలు. బంతి లోపల పోయిందా, పక్కన పోయిందా అని తగువు రాకుండా కట్టె పక్కన ఒక నమ్మకస్తుణ్ణి కూచోబెడతారు. ఆయన తుండుగుడ్డ ఎత్తితే గోలు, ఎత్తకుంటే కాదు. రెండూళ్లకూ నమ్మకస్తుడు ఎవరనుకుంటివి? ఇంకెవరు, నేనే. ఆ పొద్దు మనోళ్లు ఎట్లనో ఒక గోలు వేసినారు, అదీ మనోడి మోకాలికి తగిలి పోయిందనుకో. ఇంక ఆట అయిపోతాదనంగా మస్తాన్ కొట్టినాడయ్యా! బంతి నా ముక్కు ముందర నుంచి, కట్టెకు జానెడు లోపల పోయింది. దుమ్ము నా మీసాల మీద పడింది. చెయ్యి తుండుగుడ్డ మీదనే ఉంది. అది లేవల్య. కాదులే, నేను లేపల్య. "బయటికి పోయింది" అంటి. లోపల ఏమనుకుంటినో తెలుసా? నేను న్యాయం చేస్తాండానని! గుట్టకిందపల్లోళ్లు గోల గోల చేస్తే మస్తానే వాళ్లను ఆపి, "ఊరుకోండన్నా, ఆయన అబద్ధం ఆడడంట గదా" అన్నాడు. కప్పు మనకొచ్చింది. ఆ రాత్రి ఊరంతా పాయసం తాగినాం.

తెల్లారి తిప్పారెడ్డి జీపు మనింటి ముందర ఆగింది. కొడతాడనుకుంటి. ఆయన నా చెయ్యి పట్టుకుని, "కదిరప్పన్నా, బంతి లోపల పోయేది మేమందరం చూసినాం. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కాదు. అంటే నీ కండ్లే పోయినాయి. పద, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు. కండ్లు బాగున్నాయంటే అబద్ధం ఒప్పుకున్నట్టే. పోయినా. డాక్టరు గోడ మీద అక్షరాలు చూపించి చదవమన్నాడు. పక్కనే తిప్పారెడ్డి. అన్నీ చదివితే దొరికిపోతా. గుమ్మడికాయంత అక్షరాన్ని చూపిస్తే, "అక్కడ గోడ ఉందా సారూ?" అంటి. డాక్టరే అదిరిపోయినాడు. ఏ అద్దం పెట్టినా "ఇప్పుడు కొంచెం మేలు" అంటా పోతే, చివరికి సీసా అడుగంత మందం అద్దాలు రాసిచ్చినాడు. దుడ్డు ఎవరిచ్చినారంటావు? తిప్పారెడ్డే. నేను తిట్టిన ఆ దుడ్డే. ఆ బూట్లు ఆయన కొనింటాడు గానీ, వాటిలో పరుగెత్తిన కాళ్లు పిల్లోళ్లవే గదా. ఈ అద్దాలకైతే అంత మర్యాద కూడా లేదు.

ఇరవై ఏండ్లయింది. అద్దాలు తీస్తే అంతా తేట, పెట్టుకుంటే అంతా మంచు. నలుగురిలో తీస్తే అబద్ధం బయట పడతాది. బర్రె అనుకుని మా వియ్యంకుణ్ణి "హేయ్, పక్కకు పో" అని తోలినా. ఆటంటే ప్రాణం నాకు, ప్రతి పోటీకీ పోతా, ముందు వరసలో కూచుంటా. అరుపులు వినబడతాయి. బంతి కనబడదు. నేను కండ్లారా చూసిన ఆఖరి గోలు ఏదంటే, కాదని చెప్పినానే, అదే.