భుజం మీద రెండు దెబ్బలు

ఎన్నిసార్లు కొలుస్తారు సార్ ఆ టేపుతో? పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. నేల నుంచి బురద చార దాకా ఇంత, చార నుంచి ఇంజిన్ గాలి పీల్చే డబ్బా మూతి దాకా ఇంత. కొలిచేకొద్దీ పెరుగుతుందా ఏమన్నా? బండేమన్నా చిన్నపిల్లా?

అబ్బే, కోపం కాదు. కూర్చోండి. ఆ స్టూలుకి గ్రీజు లేదు, చూసే చెప్తున్నా.

ఇన్సూరెన్స్ సర్వేయర్లని ఈ షెడ్డులో చాలామందిని చూశాను. నాలుగు ఫోటోలు తీసుకుంటారు, టీ తాగుతారు, పోతారు. మీలా డబ్బా మూత విప్పి, లోపలి ఫిల్టరు మీద వేలు పెట్టి, నీళ్ళ మరక ఉందా లేదా అని చూసినవాడు ఒక్కడు లేడు. నా ఖర్మ కొద్దీ మీరొచ్చారు.

ఆఁ? ఏమన్నారు? ఈ గ్రైండరు మోతలో ఏం వినపడి చస్తుంది. ఉండండి, మా మేస్త్రిని ఆపి వస్తా.

ఆ, ఇప్పుడు చెప్పండి. చూశారా, నేను నోరు విప్పలేదు. వెళ్ళి భుజం మీద రెండు దెబ్బలు తట్టాను, ఆపేశాడు. మా షాపులో అంతే సార్. మాటలు వినపడవు కదా. రెండు దెబ్బలంటే ఆపు. నాన్న పెట్టిన పద్ధతి. మనిషి భుజం మీద కొట్టినా, బండి రేకు మీద కొట్టినా సరే, చేతిలో పని సగంలో వదిలెయ్యాల్సిందే. ఎందుకు, ఏమిటి అని తర్వాత అడగాలి. ఒకసారి నేను వినకుండా ఇంకో చుట్టు తిప్పబోతే చెంప పగిలింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయింది కూడా.

సరే, మీ ప్రశ్నకే వస్తున్నా. బురద చార బంపరు దగ్గరే ఆగింది. డబ్బా మూతి హెడ్‌లైటు పైన ఉంది. ఫిల్టరు మీద నీళ్ళ మరకే లేదు. మరి ఇంజిన్లోకి నీళ్ళెలా పోయాయి? అదేగా?

నీళ్ళు కదా సార్, ఎగిరుంటాయి. ముందు ఏ లారీయో పోయుంటుంది, అల కొట్టి ఉంటుంది.

ఎందుకలా చూస్తారు? ఆ స్క్రూలా? మెరుస్తున్నాయి, అయితే? డబ్బా నిండా దుమ్ముంటే స్క్రూలు మెరవకూడదా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఇలా మాట్లాడుతున్నాను గానీ, మీరసలు ఏమీ అనలేదు కదూ.

ఏంటి, మూసేస్తున్నారా ఫైలు? ఏమని రాశారు? మళ్ళీ చదవండి.

'డ్రైవరు నిర్లక్ష్యంగా వరద నీటిలోకి నడిపినందువల్ల.'

అంతేనా? అలా రాస్తే క్లెయిము పాసవుతుందా? ఆ రోజు బండి నడిపిన మా తమ్ముడు వచ్చి కింద సంతకం పెడితే చాలా? మంచివారే సార్. మీ మేలు మర్చిపోను. మీకది ఒక్క లైను. మా ఇంట్లో మూడు వారాల నుంచి అమ్మ ఆ లైనే చదువుతోంది, కాగితం లేకుండా. వాడికి కంచంలో అన్నం పెడుతుంది, అవతల గదిలోకి పోతుంది. వాడి మొహం చూడదు. నాన్నని నీళ్ళలోకి తీసుకెళ్ళి చంపాడు అంది, వచ్చిన చుట్టాలందరి ముందూ. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు దాని కింద సంతకం కూడా పెట్టాలా వాడు?

పెన్ను తీయండి సార్. తీయండి. అది కొట్టేసి నేను చెప్పింది రాయండి.

ఆ డబ్బా నిన్న పెట్టాను. అటక మీద నుంచి దించి, దుమ్ము కూడా దులపకుండా బిగించాను. అది అక్కడ ఉండి ఎనిమిది నెలలు దాటింది. నీళ్ళలో దిగిన రోజు ఈ బండికి డబ్బా లేదు. పైపు ఉంది. అదిగో, ఆ గోనెపట్టా తీయండి. అదే.

ముట్టుకోండి. ఎంత నున్నగా ఉందో. కొన్నది కాదు, నా చేత్తో వంచింది. ఇంజిన్ దగ్గర్నుంచి కిందికి దించి, బంపరు వెనక, చక్రం పక్కన ఫిల్టరు తగిలించాను. కింద చల్లగాలి దొరుకుతుంది, ఇంజిన్ కడుపునిండా పీల్చి హుషారుగా లాగుతుంది. తొక్కితే ఒక గర్జన. ఆ చప్పుడు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు సార్ నా దగ్గరికి. పైపు మేస్త్రి అంటే నేనే. పేరు గొప్ప!

ఆ పైపు పెట్టమని తమ్ముడు అడగలేదు. అది ముందు రాసుకోండి. "నాన్నని ఆసుపత్రికి తిప్పే బండి అన్నా, దీనికి సోకులెందుకు?" అన్నాడు. వాడు మందుల షాపులో పని చేస్తాడు, గ్రీజు వాసనే పడదు. చిన్నప్పటి నుంచీ ఈ షెడ్డు గడప తొక్కింది పట్టుమని పదిసార్లు ఉండదు. "సీసాలు లెక్కపెట్టుకునేవాడివి, నీకేం తెలుసురా" అని వాడి నోరు మూయించాను.

నాన్నకి తెలుసు. నలభై ఏళ్ళు ఇదే షెడ్డులో పొగ మింగిన మనిషి. అప్పటికే ఊపిరితిత్తులు పోయాయి, మూడు మాటలకోసారి ఆగేవాడు. అదిగో ఆ మెట్టు మీద కూర్చుని, "ముక్కు తీసుకెళ్ళి... మోకాళ్ళ దగ్గర పెట్టావేంట్రా... వానొస్తే ఏం పీలుస్తుందది?" అన్నాడు.

నవ్వాను సార్. వానలు మొదలవగానే విప్పేస్తాలే నాన్నా అన్నాను. ఐదు స్క్రూలు, అరగంట పని. వానలొచ్చాయి. విప్పానా? రేపు, ఎల్లుండి, ఆదివారం. ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ బాగుచేస్తాను, ఇంటి బండికి తీరిక లేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. మూడింటికి నాన్నకి ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు అడుక్కొచ్చేసింది. తమ్ముడు నాన్నని వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరాడు. రైలు వంతెన కింద నీళ్ళు నిలిచాయి. ఎక్కువేం కాదు సార్, సగం చక్రం. ముందు రెండు కార్లు చక్కగా దాటిపోయాయి. మీ బండి దాటేది. డబ్బా ఉండుంటే ఇదీ దాటేది. వాడు చూసుకునే దించాడు, నెమ్మదిగానే పోయాడు. నిర్లక్ష్యం ఎవడిదండీ?

నడుమ ఆగిపోయింది. వాడు నాకు ఫోను చేశాడు. మరి ఎవరికి చేస్తాడు? అన్న మెకానిక్ కదా.

"అన్నా, బండి ఆగిపోయింది" అన్నాడు. నీళ్ళెంతున్నాయిరా అన్నాను. సగం చక్రం అన్నాడు.

నాకు అప్పుడే అర్థమైంది సార్. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నిలబడి ఉన్నాను. ఫిల్టరు ఎక్కడుందో నాకు తెలుసు. అలా నీళ్ళు తాగి ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదని పనిలో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు. గాలైతే పిస్టను నొక్కితే నలుగుతుంది. నీళ్ళు నలగవు. రాడ్డే వంగుతుంది. ప్లగ్గులు పీకి, లోపలి నీళ్ళు కక్కించి, అప్పుడు ముట్టుకోవాలి. ముందు మనుషుల్ని దించి బండి వదిలెయ్యాలి.

మరి ఎందుకు చెప్పలేదంటారా?

కొట్టొద్దురా అంటే, ఎందుకన్నా అంటాడు. నేను పెట్టిన పైపు నీళ్ళు తాగిందిరా అనాలి. వెనక నాన్న ఉన్నాడు, ఫోను స్పీకరులో ఉంది, వింటాడు. ఆ ఒక్క మాట నాన్న చెవిన పడటం నాకు ఇష్టం లేకపోయింది. అంతే సార్. ఇంకేం లేదు. అంత చిన్న సంగతి.

"ప్లగ్గులకి చెమ్మ పట్టుంటుంది, కొట్టు, అంటుకుంటుంది" అన్నాను.

కొట్టాడు. రాలేదు. ఇంకోసారి కొట్టు అన్నాను. అదే టైములో వెనక ఎవరో వ్యాను డ్రైవరు దిగొచ్చాడట, పుణ్యాత్ముడు. "పెద్దాయన్ని మా వ్యానులో ఎక్కించండి, వెనక్కి తిప్పి ఆసుపత్రిలో దించుతా" అన్నాడట. నాకు ఫోనులో వినపడింది కూడా. తమ్ముడు, "అన్నా, వ్యాను ఉంది, ఎక్కించెయ్యనా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఒక్కసారి, గట్టిగా పట్టి కొట్టు, వచ్చేస్తుంది, నా మాట విను" అన్నాను. వాడు వ్యాను అతనికి పర్లేదని చెయ్యి ఊపాడు. వెళ్ళిపోయాడు.

మూడోసారి అంటుకుంది సార్. ఒక్క క్షణం. నా గుండె కూడా అంటుకుంది. తర్వాత ఠంగుమని ఒక చప్పుడు. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని, నాకు ఫోనులోనే తెలిసిపోయింది రాడ్డు పోయిందని.

ఇంకో బండి దొరికేసరికి యాభై నిమిషాలు. వాడు నాన్నని చేతుల మీద ఎత్తుకుని ఆ నీళ్ళలో నిలబడ్డాడు. ఆసుపత్రి మెట్లెక్కాక డాక్టరు నాన్న చెయ్యి పట్టుకుని చూసి, కొంచెం ముందు తెచ్చుండాల్సింది అన్నాడు.

తమ్ముడికి ఇదంతా తెలుసు సార్. ఫోనులో చెప్పింది నేనే కదా, తెలియకేం? అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నన్ను కాపాడుతున్నాడు, వెధవ. వాడి పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను నేను, మూడు వారాల నుంచి, సిగ్గూ శరమూ లేకుండా.

రాశారా? పైపు, డబ్బా మార్చడం, ఫోను. మొత్తం రాయండి. క్లెయిము రాదా? రాకపోతే పోనీండి. ఈ బండి ఇక ఎక్కేదెవరు?

ఇంకొకటుంది.

నిన్న వాడు నన్నొక మాటడిగాడు. "అన్నా, నేను రెండోసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు నాన్న వెనక నుంచి లేచి కూర్చున్నాడు. నా భుజం మీద రెండు దెబ్బలు కొట్టాడు. కాసేపాగి మళ్ళీ రెండు. మాట్లాడలేకపోయాడు. ఏం చెప్పాడంటావ్? త్వరగా కానియ్యమనే కదా? అందుకే నేను ఇంకా గట్టిగా కొట్టాను" అన్నాడు.

ఊపిరాడని మనిషి సార్. అంత ఆయాసంలోనూ చప్పుడు విని కనిపెట్టేశాడు ఇంజిన్ ఏం తాగిందో. తన పద్ధతిలో తను చెప్పాడు. నాకు చెప్పి ఉంటే పని సగంలో వదిలేసేవాణ్ణి. వాడికేం తెలుసు, షెడ్డులో పెరిగినవాడు కాదే!

"అవునురా, త్వరగా కానియ్యమనే" అన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని, "హమ్మయ్య, నేను చేసింది నాన్న చెప్పినట్టే కదా" అన్నాడు.

ఇది రాయకండి. మీ కాళ్ళు పట్టుకుంటా, ఇదొక్కటి రాయకండి. మిగతాదంతా ఈ సాయంత్రం అమ్మ ముందు నేనే చెప్తాను, ఆవిడ చెప్పు తీసినా సరే. ఇది మాత్రం వాడికి తెలియక్కర్లేదు. అబద్ధమే. ఉండనీండి. వాడికి మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా నేనే పీకనా?

అదిగో, వస్తున్నాడు. ఆ గొడుగు వాడిదే. సంతకానికి మీరే రమ్మన్నారుగా. పెన్ను ఇలా ఇవ్వండి, ముందు నాది పెడతాను, చూసుకుని తర్వాత వాడు పెడతాడు. మీరు మామూలుగా ఉండండి సార్, కళ్ళు తుడుచుకోండి.

రారా, రా. జాగ్రత్త, అక్కడ నూనె ఒలికింది.

అయ్యో, ఈ మేస్త్రి మళ్ళీ మొదలెట్టాడు గ్రైండరు. ఇప్పుడే కావాలా వీడికి?

లేదు సార్, వెళ్ళను. వెళ్ళి తట్టను. తమ్ముడు చూస్తాడు. ఇవాళ్టి నుంచి ఈ షెడ్డులో ఆ పద్ధతి లేదు. నోటితోనే చెప్తా.

మేస్త్రీ! ఓ మేస్త్రీ! ఇటు చూడవయ్యా! ఆపు! ఆపమంటుంటే, వినపడట్లేదా? ఆపు!