నెలకో అరడజను పళ్లాలు

వంటగదిలో వదిన పగిలిన పళ్లెం పెంకులు ఊడుస్తోంది. ఆడపడుచు వదిన ఫోనులో కొత్త పళ్లాలు వెతుకుతోంది.

“వదినా, ‘మీది హోటలా? టోకున తీసుకుంటే తగ్గిస్తాం’ అంటోంది ఈ యాప్.”

“నెలకో అరడజను కొంటుంటే అనదా మరి. కింద చూడు, ఇంకా ఏం అంటగడుతోందో.”

“దూది, బ్యాండేజీ, నల్ల కళ్లద్దాలు. ఇవన్నీ నువ్వు కొన్నవేనా?”

“ఇంకెవరు కొంటారు? మీ అన్నయ్యకంటే దానికే నా మీద శ్రద్ధ ఎక్కువ.”

“చెవి దగ్గర ఇంకా నెత్తురు కారుతోంది, తుడుచుకో. ఇవాళ దేనికి?”

“తన చార్జరుకి నా ఫోను పెట్టానని. పక్కకి తప్పుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కన్ను పోయేది.”

“ఈ పింగాణీవి ఎందుకసలు? స్టీలువి తీసుకోరాదూ, పగలవు.”

“ఒకసారి కొన్నాను. పింగాణీది గోడకి తగిలి ముక్కలైతే దాంతో సరి. స్టీలుది పగలదు కదా, వంగి తీసుకుని మళ్లీ విసురుతాడు. నా చెయ్యి విరిగింది ఒక్క పళ్లెంతోనే.”

ఆడపడుచు ఫోనులో ఏదో నొక్కింది.

“ఏం కొన్నావు? ఖరీదైనవి వద్దు, ఎలాగూ పగిలేవేగా.”

“పళ్లాలు తీసేశాను. వీధి తలుపుకి కొత్త తాళం ఆర్డరు పెట్టాను. అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేలోపే షాపువాళ్లు వచ్చి బిగించి వెళతారట.”

“మీ అన్నయ్య దగ్గర తాళంచెవి ఉందే.”

“పాతదానిది ఉంది. ఉండనీ.”

వదిన పెంకులు చెత్తబుట్టలో పోసి, చీపురు మూలన పెట్టింది.

“పగలదు కదా?”

“ఇది మాత్రం పగలనిదే చూశాను వదినా.”